ఎనభై ఎడమ చేతులు

కుట్టు షాపు కత్తిరింపు గదిలో ఫ్యాను వేయకూడదు. ఆ రూలు పెట్టింది అక్కడ గుడ్డ కోసే కత్తెరమ్మే. నలభై పొరల గుడ్డ ఒకదానిమీద ఒకటి పరిచి, పైన గీతలు గీసిన కాగితం వేశాక, కాస్త గాలి తగిలినా పై పొర లేస్తుంది, కాగితం జరుగుతుంది, నలభై పొరలూ వంకరపోతాయి. అందుకే స్విచ్చి మీద టేపు అంటించి, పదిహేడేళ్లుగా దాని జోలికి వెళ్లినవాళ్ల మీద కస్సుమని లేచేది. ఇప్పుడా రూలు ఆవిడ మెడకే చుట్టుకుంది.

ఏడాదిగా ఆవిడ ఒంట్లో ఎవరో పొయ్యి రాజేస్తున్నట్టుంది. చెప్పాపెట్టకుండా గుండెల దగ్గర మొదలై, మెడ మీదుగా చెవుల దాకా సెగ ఎగబాకుతుంది. తర్వాత చెమట, ఆ వెంటనే చలి. నెలసరి మూడు నెలలకోసారి దయతలచి వచ్చి, వచ్చినప్పుడు పదిరోజులు తిష్ఠ వేస్తోంది. డాక్టరమ్మ కాగితం మీంచి తలెత్తకుండానే వయసు మార్పులని చెప్పి, కాల్షియం బిళ్లలు రాసి పంపేసింది. ఎప్పటికి తగ్గుతాయని అడిగితే ఒక్కొక్కరికి ఒక్కోలా అంది. ఆ మాట చెప్పడానికి అంత చదువెందుకో కత్తెరమ్మకి అర్థం కాలేదు.

భర్త ఇంకా ఘనుడు. కిటికీ తీస్తే చలంటాడు, మూస్తే ఈవిడకి ఊపిరాడదు. ఈ మధ్య ఆవిడతో మాట్లాడాలంటే భయమేస్తోందని చుట్టాల ముందు నవ్వుతూ చెప్పుకుంటాడు. అంత భయమున్నవాడు నోరు మూసుకుని కూర్చోవచ్చు కదా, అదీ చేయడు.

ఆ బుధవారం జరగకూడనిది జరిగింది. ఆసుపత్రి నర్సులకి నలభై లేతనీలం కోట్లు కుట్టాలి. చేతులు కత్తిరించేటప్పుడు అచ్చు అట్టని ఒకసారి ఇలా, ఒకసారి తిరగేసి గీయాలి. అప్పుడే ఎడమదీ కుడిదీ వస్తాయి. కొత్తగా పనిలో చేరినవాళ్లకి మొదటిరోజే నేర్పే సంగతి. కత్తెరమ్మ అట్ట తిరగేయడం మర్చిపోయింది. కోత మెషిను గుర్రుమని నలభై పొరల్నీ కోసేసింది. కట్ట విప్పి చూసుకుంటే మొత్తం ఎనభై ఎడమ చేతులు. కుడిది మందుకైనా లేదు.

యజమాని ఆవిడ కంటే చిన్నవాడు, తండ్రి దగ్గర్నుంచి షాపు అందుకున్నవాడు. అరవలేదు. అరిచినా బాగుండేది. చాలా మర్యాదగా, అందరూ వింటుండగా చెప్పాడు.

"అక్కా, ఇవాళ్టికి కుడి చేతులు మళ్లీ కోసివ్వండి. రేపట్నుంచి గుండీల బల్ల దగ్గర కూర్చోండి. అక్కడ నెత్తిమీద ఫ్యాను కూడా ఉంది. ఈ బల్ల మీ తోడికోడలు చూసుకుంటుంది."

తోడికోడలు అదే షాపులో కుట్టుమెషిను మీద పనిచేస్తుంది. వయసులో పదేళ్లు చిన్న. కళ్లెత్తకుండా దారం ఎక్కిస్తూ కూర్చుంది. కత్తెరమ్మకి తలకొట్టేసినట్టయింది. ఇంట్లో ఆవిడ మాట ఎవరికీ చెవికెక్కదు. ఈ బల్ల ముందు నిలబడ్డప్పుడే ఆవిడ గీసింది గీత. ఇప్పుడు అదీ పోతోంది.

"నాకు ముట్లు ఆగిపోతున్నాయి బాబూ," అంది కత్తెరమ్మ. "ఒళ్లు తగలబడిపోతోంది. కంటినిండా నిద్రపోయి నాలుగు నెలలైంది. ఎడమో కుడో మర్చిపోయాను గానీ, పని మర్చిపోలేదు."

కుట్టుమెషిన్లన్నీ ఒక్కసారి ఆగాయి. ఇస్త్రీ చేసే మగవాళ్లు నేల చూపులు చూశారు. యజమాని చెవులు ఎర్రబడ్డాయి. ఆ మాటలు ఇక్కడెందుకక్కా అని గొణిగి బయటికి నడిచాడు. ఇంకెక్కడ చెప్పాలో మాత్రం చెప్పలేదు.

తోడికోడలు లేచొచ్చి గుడ్డ రెండో కొస పట్టుకుంది. ఇద్దరూ ఇరవై పొరలు పరిచారు. కత్తెరమ్మ పైన కాగితం వేసి, అట్టని మూడుసార్లు చూసుకుని రెండు కుడి చేతులు గీసింది. మెషిను అందుకోబోతుండగా మళ్లీ సెగ లేచింది. గడ్డం మీంచి చెమటచుక్క జారి లేతనీలం గుడ్డ అంచు మీద పడి నల్లగా పాకింది. ఆ మరక చూడగానే ఆవిడకి పెద్దక్క గుర్తొచ్చింది.

ఈవిడ కంటే ముందు ఈ బల్ల పెద్దక్కది. అప్పట్లో పెద్దక్క కూడా ఇలాగే ముక్కగుడ్డలతో మెడ తుడుచుకుంటూ ఉండేది. "అంచుల మీద బరువులు పెడితే గుడ్డ కదలదే పిల్లా, ఒకసారి ఫ్యాను వేసి చూద్దాం," అని బతిమాలింది. "నీ ఒంటికోసం గుడ్డ పాడుచేసుకుంటామా పెద్దక్కా," అంది అప్పట్లో గుడ్డ రెండో కొస పట్టే ముప్ఫై రెండేళ్ల కత్తెరమ్మ. అందరూ పగలబడి నవ్వారు. ఆ రోజే స్విచ్చి మీద టేపు పడింది. నెల తిరక్కుండానే పెద్దక్క ఒక కట్ట తప్పు కోసింది, గుండీల బల్ల దగ్గరికి మారింది, ఏడాది దాటకుండా పనే మానేసింది.

కత్తెరమ్మ మెషిను పక్కన పెట్టింది. గది మూల పాడైపోయిన పాత ఇనుప ఇస్త్రీపెట్టెలు ఎనిమిది పడున్నాయి. ఒక్కోటి ఎత్తి, తుప్పు అంటకుండా ముక్కగుడ్డ చుట్టి, అంచుల వెంబడి పెట్టడం మొదలుపెట్టింది. స్టూలెక్కి ఫ్యాను రెక్కల దుమ్ము తుడిచింది. తోడికోడలికి అప్పటికి సంగతి అర్థమై కంగారుపడింది.

"గుడ్డ లేచిపోతే ఏం చేస్తావక్కా?"

"లేస్తే రేపట్నుంచి బల్ల నీదేగా."

టేపు పీకి స్విచ్చి వేసింది. ఫ్యాను కిర్రుమని రెండు చుట్లు తిరిగి వేగం అందుకుంది. ఇద్దరూ కాగితం వైపే చూశారు. కాగితం అంచు సన్నగా వణికింది, అంతే. గీత జరగలేదు. మెడ వెనక చల్లగాలి తగిలేసరికి కత్తెరమ్మకి ఏడుపొచ్చినంత పనైంది. మెషిను అందుకుని, గీత తప్పకుండా, ఇరవై పొరలూ కోసింది. నలభై కుడి చేతులు.

యజమాని వచ్చి, తిరుగుతున్న ఫ్యాన్ని, ఇస్త్రీపెట్టెల్ని, చేతుల కట్టనీ మార్చి మార్చి చూశాడు. పై పొర చేతినీ అడుగు పొర చేతినీ జత కలిపి చూస్తే వెంట్రుకవాసి తేడా లేదు. సరే, రేపు కూడా మీరే కోయండక్కా అని, అదేదో తనకి తోచిన ఉపాయమన్నట్టు తలూపి వెళ్లాడు.

తోడికోడలు నవ్వింది. "ఇంత తేలికైన పని ఇన్నేళ్లూ ఎందుకు చేయలేదక్కా?"

కత్తెరమ్మ బల్ల మీదికి వంగింది. ఇస్త్రీపెట్టెలు ఒక్కోటీ తీసి మూలన పేరుస్తోంది. పెద్దక్క బతిమాలిన రోజున కూడా ఇవి ఎనిమిదీ ఈ మూలే ఉన్నాయి.