వరస తప్పిన ఫిజిక్స్ పాఠం

ఉనైసికి ఫిజిక్స్ రాదు. ఫిజీ రాజధాని సూవాలో ఈ సంగతి ఆమెకి తప్ప ఇంకెవరికీ తెలియదు. కంబారా దీవిలో వాళ్ళ ఊరు ఊరంతా ఆమె అప్పుడే ఇంజనీరు అయిపోయినట్టు చెప్పుకుంటోంది. ప్రభుత్వ స్కాలర్‌షిప్ మీద ఆ ఊరి నుంచి యూనివర్సిటీకి వచ్చిన మొదటి పిల్ల ఆమే మరి. పడవ ఎక్కించే రోజున పాస్టరుగారు అరగంట ప్రార్థన చేశాడు. ఆ అరగంట ప్రార్థనే ఇప్పుడు ఆమె గుండెల మీద బండలా కూర్చుంది. ఫిజిక్సులో తప్పితే స్కాలర్‌షిప్ ఆగిపోతుంది. అది ఆగితే మళ్ళీ అదే పడవ, అదే ఊరు. ఆఖరి పరీక్షకి ఇంకా పద్దెనిమిది రోజులుంది.

పాఠం చెప్పేవాళ్ళ కోసం ఆమె తిరగని చోటు లేదు. సమాబులా పేటలో ఉండే రిటైరైన మాస్టరు హరివంశ్ గారి దగ్గరికి ముందు వెళ్ళింది. ఆయన వరండాలో అప్పటికే పద్నాలుగు మంది కిక్కిరిసి కూర్చున్నారు.

"నవంబరు వానలూ, నవంబరు పిల్లలూ కలిసే వస్తారమ్మా నాకు. మార్చిలో ఏం చేశావు?" అన్నాడాయన.

"అర్థమవుతుందేమోనని చూశానండీ."

"చూస్తే అర్థం కావడానికి అదేమన్నా సముద్రమా? వెళ్ళు తల్లీ, చోటు లేదు."

తర్వాత హాస్టల్లో ఒక సీనియరమ్మాయి ఒప్పుకుంది. ఆ అమ్మాయి పెన్ను లాక్కుని గబగబా లెక్కలన్నీ తనే చేసేసి, "ఇదుగో, ఇంతే" అనేది. ఎందుకు ఇంతే అని అడిగితే, ఇంతే కాబట్టి ఇంతే. రెండు రోజుల్లో నోటుబుక్కు నిండింది, బుర్ర మాత్రం ఎక్కడిదక్కడే ఉంది.

పరీక్షకి పదిహేను రోజులుందనగా నోటీసు బోర్డు మీద కిటియోనే నంబరు దొరికింది. మూడో సంవత్సరం ఫిజిక్స్ కుర్రాడు. పొడుగ్గా ఉంటాడు, టోపీ తియ్యడు. లైబ్రరీలో కుర్చీ దొరకని రోజులు కావడంతో, నంబువా పేటలో ఉనైసి ఉంటున్న పిన్ని ఇంటికే మధ్యాహ్నం పూట వస్తానన్నాడు. పిన్ని సలనియెటా పగలంతా ఆసుపత్రి లాండ్రీలో పని చేస్తుంది.

మా ఫిజీ వాళ్ళలో ఇద్దరు కొత్తవాళ్ళు కలిస్తే పేరు తర్వాత, ముందు వరస కలుపుకోవాలి. వరస తెలియందే ఎలా మాట్లాడాలో నోటికి తెలియదు. వీళ్ళిద్దరూ గుమ్మంలోనే ఆ పని కానిచ్చారు. అతని తండ్రిది కందావు దీవి. ఆ ఊరికీ ఉనైసి తండ్రి ఊరికీ తాతల నాటి నుంచి పిల్లనిచ్చిపుచ్చుకోవడాలున్నాయి. అంటే బావా మరదళ్ళు. హమ్మయ్య అనుకున్నారు ఇద్దరూ. బావా మరదళ్ళంటే మాలో నోటికి అడ్డూ ఆపూ ఉండదు, ఎంత మాటైనా అనుకోవచ్చు. అదే అన్నాచెల్లెళ్ళ వరసైతే ఒకే గదిలో కూర్చోవడానికి లేదు, మొహం చూసి మాట్లాడడానికి లేదు.

తల్లి వైపు ఎవరూ అని మాత్రం ఇద్దరిలో ఒక్కరూ అడగలేదు. పరీక్ష తొందరలో సగం లెక్క చేసి జవాబు రాసేశారు. ఫిజిక్సులో ఉనైసి చేసే తప్పూ సరిగ్గా అదే.

కిటియోనే బాగా చెప్పేవాడు. ఎందుకు అని అడిగితే విసుక్కునేవాడు కాదు, వెక్కిరించేవాడు.

"కంబారా వాళ్ళకి బుర్రలు కూడా చెక్కతోనే చేస్తారటగా?" అన్నాడు మొదటి రోజే. కంబారా చెక్కపనికి పేరు పడ్డ దీవి.

"కందావు వాళ్ళకి అది కూడా దొరక్క టోపీ పెట్టి కప్పేస్తారట."

"నిన్ను చేసుకునేవాడి పని గోవిందా."

"నిన్ను చేసుకోవడం కంటే సొరచేపని చేసుకోవడం నయం బావా. అది ఒక్కసారే కొరుకుతుంది."

అలా నవ్వుతూనే మూడు అధ్యాయాలు గట్టెక్కాయి. ఏడాదిలో మొదటిసారి ఉనైసికి రాత్రి నిద్ర పట్టింది. నాలుగో పాఠం నాడు ఆమె ఒక లెక్క పూర్తిగా తనంతట తనే చేసింది. ఆ సంబరంలో అతని టోపీ లాక్కుని తన నెత్తిన పెట్టుకుని, స్కేలుతో అతని తల మీద టంగున ఒక్కటిచ్చింది. సరిగ్గా అప్పుడే, లాండ్రీలో మిషన్ చెడిపోయి, పిన్ని ఇంటికొచ్చింది.

పిన్ని గుమ్మంలో నిలబడి ఆ కుర్రాడి మొహం వంక అలా చూస్తూ ఉండిపోయింది.

"ఏ ఊరు బాబూ?"

"నాన్నది కందావు. నేను పెరిగింది తవేఉనిలో."

"మీ అమ్మ పేరు?"

"లనియానా."

పిన్ని చేతిలో సంచీ కింద పెట్టేసింది. "మా లనియానానా? కుడి చెయ్యి మీద కాలిన మచ్చ ఉంటుందే, ఆ లనియానానా?"

"అవునండీ. మీకెలా తెలుసు?"

"ఎలా తెలియడమేమిట్రా! తల్లి పోతే మా అమ్మ దాన్ని చంటిపిల్లప్పుడే తెచ్చుకుని పాలిచ్చి పెంచింది. నేనూ, మా అక్కా, మీ అమ్మా ఒక్క చాప మీద పడుకుని పెరిగాం. పెళ్ళై తవేఉని వెళ్ళాక మళ్ళీ చూసింది లేదు." పిన్ని గొంతు తగ్గింది. "ఒరే నాయనా, ఇది నీకు చెల్లెలురా."

తండ్రి వైపు చూస్తే ఎప్పటిదో ఊరి వరస. తల్లి వైపు చూస్తే ఒక్క రొమ్ము పాలు. ఏది దగ్గరో ఎవరూ విడమరిచి చెప్పక్కర్లేదు. ఉనైసి నెత్తి మీద ఇంకా అతని టోపీ ఉంది. దాన్ని తీసి అతని చేతికివ్వడానికి కూడా లేదు, చాప మీద పెట్టి దూరంగా జరిగింది. కిటియోనే తల ఎత్తలేదు. టోపీ తీసుకుని, నడుం బాగా వంచి, "తులో, తులో" అని మన్నింపు గొణుక్కుంటూ బయటికి నడిచాడు. ఒక చెప్పు వరండాలోనే మరిచిపోయాడు.

ఆ రాత్రి ఉనైసికి సొరచేప మాట గుర్తొచ్చినప్పుడల్లా ఒళ్ళు ముడుచుకుపోయింది. అన్నతో పెళ్ళి వేళాకోళం! తెల్లారేసరికి ఆ సిగ్గు వెనకాల నుంచి భయం వచ్చి పడింది. పరీక్షకి పది రోజులే ఉంది. భ్రమణం రాదు, డోలనాలు రావు, మిగిలినవి వచ్చీ రానట్టున్నాయి. పుస్తకం తెరిస్తే అక్షరాలు ఎవరో తిట్టినట్టు కనబడేవి. అన్నం సయించేది కాదు.

మూడు రోజులు చూసి పిన్ని అంది: "వాడికి కబురు పెడతానే. అన్న కాదనడు."

"అందుకే పెట్టొద్దంటున్నాను. అతనికీ పరీక్షలున్నాయి పిన్నీ. బావ అయితే, పోవే నాకు పనుంది అనేవాడు. ఇప్పుడెలా అంటాడు?"

మాలో చెల్లెలు అడిగితే అన్న కాదనడం లేదు. పంటి కింద రాయి పడ్డా నవ్వుతూ మింగుతాడు. ఉనైసి భయమంతా అదే. కావలసింది అతని పాఠం, అడిగే దారేమో మూసుకుపోయింది, మూసుకోకపోయినా అడగబుద్ధి కావడం లేదు.

పిన్ని ఎవరి మాట విన్నది గనక? మర్నాడు, మత్తు పానీయం చేసే యంగోనా వేళ్ళ కట్ట ఒకటి కొని, కాగితంలో చుట్టుకుని, మరిచిపోయిన చెప్పు కూడా పట్టుకుని కిటియోనే గదికి వెళ్ళింది. తెలియక జరిగిన తప్పుకి పద్ధతి ప్రకారం ఆ కట్ట అతని ముందు పెట్టి క్షమాపణ అడిగింది. పాఠం సంగతి ఎత్తనే లేదట. ఎత్తలేదని వంద ఒట్లు పెట్టింది.

ఆ మధ్యాహ్నమే కిటియోనే వచ్చాడు. లోపలికి రాలేదు. వరండాలో వీధి వైపు మొహం పెట్టి కూర్చున్నాడు. ఉనైసి లోపల తెర వెనకాల కూర్చుంది. లాండ్రీలో షిఫ్టు మార్చుకున్న పిన్ని గుమ్మంలో ఇద్దరికీ మధ్య చతికిలబడింది.

"పిన్నీ, భ్రమణం దగ్గర ఆగాం. ఆవిడకి జడత్వ భ్రామకం తెలుసేమో అడగండి," అన్నాడు.

మొన్నటిదాకా చెక్కబుర్ర, ఇవాళ ఆవిడ. ఉనైసికి నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి.

పిన్ని మాత్రం కదల్లేదు. "అదేం మాటరా? నాకు అర్థం కాని మాట నేను మొయ్యను. మోస్తూ మోస్తూ మధ్యలో పారేసుకుంటాను. ముందు నాకు చెప్పు."

చచ్చినట్టు చెప్పాడు. వంటింట్లోంచి రెండు చేపల డబ్బాలు తెప్పించాడు, ఒకటి నిండుది, ఒకటి ఖాళీది. వరండా మెట్ల పక్కన ఒక చెక్క పలకని వాలుగా పెట్టించి పిన్ని చేత రెండూ ఒకేసారి దొర్లించాడు. నిండుది ముందు కిందికి చేరింది.

"ఎందుకో ఆవిడని అడగండి."

తెర వెనకాల నుంచి ఉనైసి సూత్రం చెప్పబోయింది. పిన్ని చెయ్యెత్తి ఆపేసింది. "నాకు తెలిసేలా చెప్పు. లేకపోతే నీ మాటా మొయ్యను."

ఉనైసి తెర సందులోంచి డబ్బాల వంక చూసింది. "ఖాళీ డబ్బాకి బరువంతా చుట్టూ అంచునే ఉంది పిన్నీ. నిండుదానికి మధ్యలో కూడా ఉంది. బరువు మధ్య నుంచి ఎంత దూరం పోతే తిరగడానికి అంత బద్ధకం."

"ఓహో. నాకు నడుం చుట్టూ చేరాక లేవలేకపోతున్నట్టు," అని పిన్ని వీధి వైపు తిరిగింది. "విన్నావట్రా?"

"విన్నాను. కరెక్టని చెప్పండి."

అలా అయిదు రోజులు. సగం మాటలు పిన్ని మోసేలోగానే ఇద్దరికీ వినబడేవి, అయినా ఆవిడ మోసేదాకా ఇద్దరూ ఆగేవాళ్ళు. పిన్నికి అర్థమయ్యేలా చెప్పడం కోసం ఉనైసి ప్రతి లెక్కనీ తిరగేసి మరగేసి చూసేది. అధ్యాయాలు ఒక్కొక్కటే లొంగుతున్నాయి. డోలనాలు మాత్రం లొంగలేదు. ప్రతి ఏడూ ఇరవై మార్కులు అందులోంచే ఇస్తారు.

పరీక్ష ముందు రోజు మధ్యాహ్నం అదే మొదలుపెట్టారు. గంట గడిచింది. పిన్నికి అర్థం కాలేదు, ఉనైసికీ కాలేదు. వరండాలో కిటియోనే ఆవలింత అణుచుకోవడం వినబడింది. తెర సందులోంచి ఆమెకి అతని ఒళ్ళో పుస్తకం కనబడింది. అది ఆమెది కాదు, మూడో సంవత్సరంది. మధ్య మధ్య పిన్ని మాట మోస్తున్న ఆ కాస్త సేపట్లో అతను అందులో ఒక్కో లైను చదువుకుంటున్నాడు.

"పిన్నీ, అతని పరీక్ష ఎప్పుడో అడుగు," అంది ఉనైసి.

పిన్ని అడిగింది. వరండాలో పుస్తకం మూసిన చప్పుడైంది.

"రేపే. పొద్దున్నే," అన్నాడు.

ఉనైసి లెక్కేసుకుంది. ఇంకో రెండు గంటలు కూర్చుంటే డోలనాలు వచ్చేస్తాయి, వస్తే గట్టెక్కుతుంది. అడగక్కర్లేదు కూడా, ఊరుకుంటే చాలు. లేవడం అతనికి చేతకాదు. ఈ అయిదు రోజులూ అతని చదువులోంచి తీసుకున్నది తనేనని ఆమెకి అప్పుడు తెలిసింది. ఆశ ఎంత ఉందో సిగ్గూ అంతే ఉంది.

"పిన్నీ, నాకంతా వచ్చేసిందని చెప్పు. వెళ్ళి చదువుకోమని చెప్పు."

పిన్ని తెర వంక చూసింది. ఆ మాట ఆవిడకి బాగా అర్థమైంది, అందుకే మోసింది. "వచ్చేసిందటరా. వెళ్ళమంటోంది."

"వచ్చేస్తే, లోలకం ఎక్కడ వేగంగా ఉంటుందో చెప్పమనండి."

ఉనైసి గబగబా పేజీలు తిప్పింది. అటు చివరో, ఇటు చివరో, మధ్యలోనో.

"చెల్లెలు వెళ్ళమంటోందని చెప్పు," అంది చివరికి.

దానికి ఎదురు లేదు. వరండాలో చాప చప్పుడైంది. చెప్పుల చప్పుడు గేటు దాకా వెళ్ళి ఆగింది. తర్వాత వీధిలోకి పోయింది. ఉనైసి పుస్తకం మీద మొహం పెట్టుకుని భోరున ఏడ్చింది.

ఫలితాలు డిసెంబరులో ఒకే రోజు వచ్చాయి. కిటియోనే పాసయ్యాడు. ఉనైసికి నలభై ఏడు, మూడు తక్కువ. ఫోన్ పట్టుకుని వరండాలో నిలబడితే ఆమెకి పడవే కనబడింది, రేవులో నిలబడ్డ పాస్టరుగారే కనబడ్డాడు. నలభై అయిదు దాటిన వాళ్ళకి జనవరిలో ఇంకోసారి పరీక్ష ఉందనీ, స్కాలర్‌షిప్ అప్పటిదాకా ఆపరనీ కింద రాసి ఉంది. అది పిన్ని చదివి చెప్పేదాకా ఆమె కళ్ళకి ఆనలేదు. ఒక్కసారి. అదీ తప్పితే ఇక లేదు. మళ్ళీ ఎవరి గుమ్మం ఎక్కాలి? హరివంశ్ మాస్టరు సెలవులకి కూతురింటికి వెళ్ళిపోయాడు. అన్నని అడగనని ఆమె తనలో తనే ఒట్టు పెట్టుకుంది.

ఒట్టు పెట్టుకుని గంట కాలేదు, గేటు చప్పుడైంది. ఉనైసి లేచి తెర వెనక్కి పరిగెత్తింది. ఎవరో వరండాలో వీధి వైపు మొహం పెట్టి కూర్చున్నారు.

"ఎవరు రమ్మన్నార్రా నిన్ను?" అంది పిన్ని.

"ఎవరూ రమ్మనలేదు." అతని గొంతు గట్టిగా ఉంది. "ఆవిడతో ఒక మాట చెప్పండి పిన్నీ. వచ్చేసిందని అబద్ధమాడినందుకు అన్నకి చాలా కోపంగా ఉందని చెప్పండి. జనవరి దాకా రోజూ వస్తాననీ, ఈసారి వెళ్ళమన్నా వెళ్ళననీ చెప్పండి."

పిన్ని తెర వైపు తిరిగింది. తెర అవతల పిల్ల వెక్కి వెక్కి ఏడుస్తున్న చప్పుడు వరండా దాకా వినబడుతోంది. ఇక ఆ మాట మొయ్యవలసిన పని లేదు. ఆవిడ లేచి, తెర కింద నుంచి చేతికి అందిన ఉనైసి నోటుబుక్కు తీసుకుని, వరండాలోకి అతని ముందుకి జరిపింది.