ఐదేళ్లు నిండనివాళ్ల కొమ్మ

ఆ కొమ్మలను చెట్టులో ఉంచాలా, తీసెయ్యాలా అన్న దగ్గరే మాకు పది రోజులు పోయాయి.

2011 ఎండాకాలం. కార్ఖానా బస్తీలో ఒక బేకరీ మీద మా ఆఫీసు. ఒక మిషన్ స్కూళ్ల సంస్థకు టీచర్ల బదిలీల జాబితా తయారుచేసే పాత ప్రోగ్రాం ఉంది. దాన్ని కొత్త భాషలోకి మార్చే పని మాకు వచ్చింది. పాత కోడ్ చదివి, అందులోని షరతులన్నిటినీ చెట్టులాగా గీసే ప్రోగ్రాం నేను రాశాను. ఎక్స్‌ప్రెషన్ ట్రీ అంటారు దాన్ని. ప్రతి షరతు దగ్గరా చెట్టు రెండుగా చీలుతుంది. అవునంటే ఒక కొమ్మ, కాదంటే ఇంకొకటి. ప్రతి కొమ్మ చివరా ఏదో ఒక జవాబు ఉండి తీరాలి. చిక్కంతా ఎవరూ ఎప్పటికీ చేరలేని కొమ్మల దగ్గర వచ్చింది. పై షరతే దారి మూసేశాక, కింద ఏ జవాబని పెట్టాలి?

మొదట వాటిని కత్తిరించేశాను. చెట్టు శుభ్రంగా కనిపించింది. మా యజమాని పద్మనాభం సార్‌కు అది నచ్చింది. జీవరాజు గారు ఒప్పుకోలేదు.

ఆ పాత ప్రోగ్రాం రాసింది ఆయనే. ఆ సంస్థ ఆఫీసులో ముప్పై ఏళ్లు పనిచేసి రిటైరయ్యారు. కోడ్ అర్థం చెప్పడానికి నేరేడ్‌మెట్ నుంచి రోజూ బస్సులో వచ్చేవారు. తెల్ల చొక్కా, జేబులో రెండు పెన్నులు. సంస్థ వాళ్ల కాగితం మీద సొంత లెక్క ఒక్కటీ వేసుకునేవారు కాదు.

"తీసెయ్యకు నాయనా," అన్నారు. "రాసినవాడు ఏదో అనుకునే రాసుంటాడు. ఇక్కడికి ఎవరూ రారని చెప్పు. కింద వాడు రాసింది రాసినట్టే ఉంచు."

"ఎవలూ రాని కాడ బోర్డు ఎందుకు సార్?" పద్మనాభం సార్ నవ్వారు. "క్లయింట్ చూస్తే పరేషాన్ అయితడు. గిసుంటి కోడ్ ఎవడు రాసిండంటడు."

"నేనే రాశానని చెప్పండి."

"మీ పేరు చెప్తే బిల్లు ఎవలిస్తరు సార్?"

చివరకు పెద్దాయన మాటే నెగ్గింది. అలాంటి కొమ్మకు జవాబు బదులు వేరే రకం ముడి పెట్టాను. బూడిద రంగు. మీద 'ఇక్కడికి చేరదు' అని ఉంటుంది. నొక్కితే పాత వాక్యాలు కనిపిస్తాయి.

గురువారం భోజనాల దగ్గర ఆయన ఉన్నట్టుండి భార్య మాట ఎత్తారు.

"మా ఎలీసబెతుని హెడ్‌మిస్ట్రెస్‌గా గోదావరి లంకలో వేశారు. తొంభై ఆరులో. మూడో ఏడు గుండె జబ్బని తేలింది. డాక్టర్లేమో ఇక్కడ. బదిలీకి పెట్టుకుంది, జాబితాలో పేరు రాలేదు. మా సూపరింటెండెంట్ తాతారావు గారు, చేత్తో రాసేద్దామయ్యా, నీ భార్యే కదా అన్నారు. వద్దన్నాను. మెషీనుకి ఎవరి భార్యో తెలీదండీ, దాన్నలాగే ఉండనివ్వండి అన్నాను."

ఆ మాట అంటున్నప్పుడు ఆయన మెడ నిటారుగా ఉంది.

"జబ్బున్నవాళ్లకి ఒకే చోట ఐదేళ్ల సర్వీసు నిండక్కర్లేదని నేనే షరతు రాశాను. మరి పేరెందుకు రాలేదు? డాక్టర్ సర్టిఫికెట్ గడువు దాటాక పంపుంటుంది అనుకున్నా. గట్టిగానే ఉత్తరం రాశాను. సమయానికే పంపానండీ అని జవాబిచ్చింది. వచ్చే ఏడు దాకా ఆగమన్నాను." పెరుగు డబ్బా మూత బిగించారు. "ఫిబ్రవరిలో పోయింది. ఆసుపత్రికి తెస్తుంటే, పడవలో."

ఆయన చెయ్యి కడుక్కోవడానికి లేచారు.

మర్నాడు పొద్దున మొత్తం ప్రోగ్రాం చెట్టుగా వచ్చింది. ఏడు బూడిద ముడులు. ఒక్కొక్కటీ నొక్కి చూస్తూ నాలుగో దాని దగ్గర ఆగాను.

పైన షరతు: ఐదేళ్లు నిండాయా? కాదంటే, బదిలీ లేదు. అవునంటే కిందికి. ఆ కింద ఆరు షరతులు దాటాక ఇంకొకటి: ఐదేళ్లు నిండకపోయినా జబ్బు ఉంటే, బదిలీ ఇవ్వు. నిండనివాళ్లను గుమ్మంలోనే వెనక్కి పంపేసి, లోపల గదిలో వాళ్ల కోసం కుర్చీ వేసినట్టు ఉంది. పక్కన పొడి అక్షరాలు జె.ఆర్., సంవత్సరం 1994.

"అయిందా సోమయ్య?" లోపలి నుంచి పద్మనాభం సార్. "గా బూడిదవన్నీ దాచేసి పంపు."

దాచడం ఒక్క మీట పని. దాచేస్తే పెద్దాయన మెడ అలాగే నిటారుగా ఉంటుంది. కానీ పాత నియమమే కొత్త దాంట్లోకీ పోతుంది. ఈ జూన్‌లో కూడా ఎవరో ఒక టీచర్ అర్జీ పెడుతుంది.

ఆయన వచ్చి సంచి పెట్టేదాకా ఆగాను.

"సార్, జెర ఇది చూడుర్రి."

కళ్లద్దాలు మార్చుకుని చదివారు. తర్వాత వేలితో పైనుంచి వచ్చారు. "మూడేళ్లు. జబ్బుంది," అన్నారు తనలో తాను. వేలు మొదటి చీలిక దగ్గరే పక్కకు తిరిగింది. మళ్లీ పైకి పోయి మొదలుపెట్టారు. మళ్లీ అక్కడే తిరిగింది.

"అంతేనా?"

"అంతే సార్."

"ఆ జబ్బు షరతుని అన్నిటికంటే పైకి తీసుకురా."

మార్చాను. పరీక్షించుకోవడానికి సంస్థ పాత సంవత్సరాల డేటా ఇచ్చింది. ఆయన తొంభై ఎనిమిది డేటా మీద నడపమన్నారు. పాత జాబితాలో ముప్పై ఒక్క పేర్లు. ఇప్పుడు నలభై రెండు వచ్చాయి. కొత్తగా చేరిన పదకొండే ప్రింటు తీసిచ్చాను.

"కాంతమణి, తుని," అని చదివారు. "కిడ్నీలు. ఉద్యోగం మానేసింది. ఆలిస్, చీరాల. ఈవిడ ఏమైందో తెలీదు."

మూడో వరుస మీద వేలు పెట్టారు. పేరు చదవలేదు. పక్క గడిలో సర్టిఫికెట్ చేరిన తేదీ ఉంది. గడువుకు తొమ్మిది రోజుల ముందు.

"అప్పుడే చూసుండొచ్చు," అన్నారు. "సొంత పనికి ఆఫీసు రికార్డు తెరవకూడదని తెరవలేదు."

కింద బేకరీ షట్టర్ ఎత్తిన చప్పుడు వినిపించింది. ఆయన వేలు నాలుగో వరుసకు జరిపారు. ఆ పేరూ, ఊరూ పైకే చదివారు. పదకొండోదాకా అలాగే చదివి, కాగితం బోర్లించి పెట్టారు.

"పంపినవా సోమయ్య?" పద్మనాభం సార్ తలుపు దగ్గరికి వచ్చారు.

"ఇంకా లేదు సార్."

"ఇప్పుడే పంపకండి," అన్నారు జీవరాజు గారు. ఆయన వైపు చూడలేదు. నా వైపు కుర్చీ జరుపుకున్నారు. "తొంభై నాలుగు నుంచి తియ్యి నాయనా. ఒక్కో ఏడూ."