యాడ పెట్టిన్రు?

"పోయినేడు మనింట్ల చాయ్ నీళ్ళలెక్క ఉన్నదన్నరు. ఈసారన్న నా ఇజ్జత్ కాపాడు."

గుమ్మంలో నిలబడి ఆ ఒక్కమాట అనేసి ఆశీర్వాదం సైకిలెక్కాడు. సర్కారు ప్రెస్సులో ఆయన కంపోజిటరు. ఎలక్షన్ల పనని నెల్లాళ్ళుగా రోజూ ఓవర్‌టైమే. ఉప్మారవ్వ వేయిస్తున్న లీలమ్మ సరేనని తల ఊపింది. ఆ ఊపిన తలను చూడ్డానికి గుమ్మంలో ఎవరూ లేరు. సాయంత్రం ప్రార్థనకు నలభైమంది వస్తారు. మొఘల్‌పురాలోని ఆ రెండు గదుల ఇంట్లో అంతమందికి చోటు కావాలంటే మంచాలు బయట వెయ్యాలి. పక్కింటి బేగంసాబ్‌ని అడిగి జంపఖానాలూ కప్పులూ తేవాలి. నల్లా వచ్చే గంటలోనే నీళ్ళు పట్టుకోవాలి. అత్తకు స్నానం చేయించి తెల్లచీర కట్టాలి.

క్రీస్తు పడ్డ శ్రమల్ని తలచుకుంటూ ఈస్టరుకు ముందు గడిపే నలభై రోజుల్ని శ్రమదినాలంటారు. రోజుకొకరి ఇంట్లో సాయంత్రం ప్రార్థన. వాక్యం చెప్పేది మగవాళ్ళు. ఉపవాసం ఉన్నామని నలుగురిలో చెప్పుకునేదీ వాళ్ళే. ఆ ఉపవాసం విడవడానికి ఉప్మా, చాయ్ అందవలసింది మాత్రం వంటింట్లోంచి. శ్రమదినాలని పేరు పెట్టిన మహానుభావుడెవరో వంటింట్లోకి ఒకసారి తొంగిచూసే ఆ పేరు పెట్టుంటాడని లీలమ్మకు అనిపించేది. పైకి మాత్రం అనేది కాదు. మనసులో ఉన్నది పైకి అనడం ఆమె ఎప్పుడో మానేసింది.

అప్పుడే గల్లీలోకి మల్లెపూలమ్మి వచ్చింది. ఆ కేక వినగానే లీలమ్మ గరిటె వదిలేసి కిటికీ మూసింది. అయినా వాసన రాకముందే రొమ్ముల్లో సలుపు మొదలైంది. తర్వాత ఇద్దరు కొడుకుల్ని కంది, పాలిచ్చి పెంచింది, వాళ్ళు పాలు మరిచి ఏళ్ళు గడిచాయి. ఐనా ఎండలు ముదిరి మల్లెలు దిగాయంటే చాలు, అదే సలుపు. జాకెట్టు తడిసిందేమోనని చెయ్యిపెట్టి చూసుకునేది. తడి ఉండేది కాదు.

పదకొండేళ్ళ కిందట, ఇలాంటి శ్రమదినాల్లోనే ఆమెకు తొలి కాన్పు. ఆడపిల్ల. తొమ్మిదో రోజు పొద్దున చూస్తే పక్కలో పిల్ల కదల్లేదు. ఈస్టరునాడు బాప్తిస్మం ఇప్పించి, అప్పుడే పేరు పెట్టుకుందామని ఆగారు కాబట్టి పేరైనా లేదు. బాలింత గడప దాటకూడదన్నారు. ఆశీర్వాదం పిల్లను తెల్లగుడ్డలో చుట్టుకుని పోయి, మధ్యాహ్నానికి ఒట్టిచేతులతో తిరిగొచ్చాడు. సాయంత్రానికి పాలు గడ్డకట్టి లీలమ్మ మెలికలు తిరిగిపోతుంటే, అత్త ఆగమ్మ మల్లెపూలు తెప్పించి రొమ్ముల మీద పరిచి, పైనుంచి గుడ్డతో బిగించి కట్టింది. పూలు కడితే పాలు ఇంకిపోతాయట. ఆ ముసలామె చేతులు ఎక్కడా తడబడలేదు. నాలుగు రోజుల్లో పాలు నిజంగానే ఇంకిపోయాయి.

"యాడ పెట్టిన్రు?" అని అడిగింది లీలమ్మ.

"గదంత నీకెందుకు? జాగ తెలిస్తె కాళ్ళు అటే గుంజుతయి. కడుపు మల్ల నిలువది," అంది ఆగమ్మ.

ఆశీర్వాదం ఇంకా మెత్తగా చెప్పాడు. "దేవుడిచ్చిండు, దేవుడు తీస్కున్నడు. సమాధానపడు లీలా."

ఏడో తరగతి దాకా చదివిన లీలమ్మకు ఆ మాటతోనే పేచీ వచ్చింది. బళ్ళో సమాధానమంటే జవాబు. పరీక్ష కాగితం మీద ప్రశ్న ఉంటే దానికి సమాధానం రాయాలి, రాయకపోతే సున్నా. చర్చిలో సమాధానమంటే శాంతి, మనసు నెమ్మది. ఆమె బళ్ళో సమాధానం అడిగితే ఇంట్లోవాళ్ళు చర్చి సమాధానం చేతిలో పెట్టేవాళ్ళు. మొదట్లో నెలకోసారి అడిగేది, తర్వాత ఏడాదికోసారి. "ఇంక గదే పట్టుకోని కూసున్నవా? సమాధానపడరాదా?" అనేవాడు ఆశీర్వాదం. పెద్దకొడుకు పుట్టాక అడిగితే, "ఇప్పుడేం తక్కువైంది నీకు?" అన్నాడు. చిన్నవాడు పుట్టాక ఆమె ఇక అడగలేదు.

అడగడం మానేశాక ఆ పిల్ల ఊరంతా తిరగసాగింది. బాప్తిస్మం లేని పిల్లల్ని సమాధుల తోటలో పెట్టనివ్వరని ఎవరో అంటే లీలమ్మ నమ్మింది. తోటలో లేకపోతే మరి ఎక్కడ? బస్సు పురానాపూల్ దాటుతున్నప్పుడు మూసీ ఒడ్డున తవ్విన మట్టి కనబడితే చూపు తిప్పుకునేది. బేగంబజార్‌లో గిన్నెలు బేరమాడుతూ, రోడ్డు తవ్వి పూడ్చినచోట తాను నిలబడి ఉందని గమనించి, బేరం వదిలేసి పక్కకు జరిగేది. చర్చి ఆవరణలో కొత్తగా మొక్క నాటితే చుట్టూ తిరిగి పోయేది. ఆమెకు భయమేసేది, తన కాలు తన పిల్ల మీదే పడుతుందని. పదకొండేళ్ళలో ఏ మట్టి మీదా ఆమె నిబ్బరంగా అడుగు వెయ్యలేదు.

పైగా సంఘంలో ఆమెకు గొప్ప పేరు. శ్రమదినాల్లో ఆడవాళ్ళు పూలు మానేస్తారు. ఈమె ఏడాది పొడుగునా మానేసింది. "లీలమ్మకు మూడొందల అరవై దినాలు శ్రమదినాలే. ఏం భక్తి!" అని స్త్రీల సమాజం పెద్ద సుశీలమ్మ పదిమందిలో మెచ్చుకునేది. లీలమ్మకు ఒళ్ళు మండిపోయేది, కాని నవ్వి ఊరుకునేది.

సాయంత్రానికి ఇల్లు నిండింది. మగవాళ్ళు కుర్చీల్లో, ఆడవాళ్ళు జంపఖానాల మీద, ఆగమ్మ గోడకానుకుని. లీలమ్మ స్టవ్ దగ్గర. ఆ ఏడాది నలభై రోజులకూ అయ్యగారు ఎంచుకున్న అంశం సమాధానం. ఆయన కోస్తా నుంచి కొత్తగా బదిలీ మీద వచ్చిన పాస్టరు. మంచివాడే, కాకపోతే ఆయనకు ప్రతి ఇల్లూ మంచి ఇల్లుగానే కనబడేది.

"దేవునితో సమాధానం, ఇంటివాళ్ళతో సమాధానం, ఇరుగుపొరుగుతో సమాధానం. ప్రభువు బల్ల దగ్గరికి వచ్చేముందు మనసులో ఎవరి మీద ఏమున్నా దించేసుకోండి," అని ఆయన చెబుతుంటే లీలమ్మ చాయ్ వడపోస్తూ వింది. చివర్లో దేవుడు చేసిన మేలు గురించి ఆ ఇంటి ఇల్లాలిచేత ఒక సాక్ష్యం చెప్పించడం ఆయన అలవాటు. కప్పుల పళ్ళెం పట్టుకుని ఆమె వంటింటి గడప దాటుతుండగా ఆయన చిరునవ్వుతో అడిగారు.

"ఏమ్మా లీలమ్మా, మీకు సమాధానం దొరికిందా?"

పొద్దుట్నించి కాలు మడవని మనిషి. తల దిమ్ముగా ఉంది. మూసిన కిటికీ సందుల్లోంచి ఆ మల్లెల వాసన ఇంకా వస్తున్నట్టే ఉంది.

"లేదయ్యగారూ," అంది. "పదకొండేండ్ల సంది అడుగుతున్న. ఎవ్వలు చెప్తలేరు."

అయ్యగారికి అర్థం కాలేదు. "ఏం అడుగుతున్నారమ్మా?"

"నా బిడ్డను యాడ పెట్టిన్రని."

ఆయన అడిగింది చర్చి సమాధానమనీ, తను చెప్పింది బళ్ళో సమాధానం గురించనీ అప్పటిగ్గాని ఆమెకు తట్టలేదు. తట్టాక కూడా మాట వెనక్కి తీసుకోవాలనిపించలేదు. ఎవరో గబగబా పాట ఎత్తుకున్నారు. ఆశీర్వాదం కళ్ళు గట్టిగా మూసుకుని అందరికంటే పెద్దగా పాడాడు.

ఉప్మా తిని, చాయ్ తాగి, దీవించి అందరూ వెళ్ళిపోయారు.

"మస్తు చేసినవ్. నలుగుర్ల నా ఇజ్జత్ తీసినవ్," అన్నాడు ఆశీర్వాదం.

"యాడ పెట్టిన్రో చెప్పున్రి. గంతే."

"ఇప్పుడు తెలుసుకోని ఏం జేస్తవ్?"

"చెప్పున్రి."

ఆయన చేతి గడియారం విప్పి, మేకుకు తగిలించి, అటు తిరిగే అన్నాడు. "నాకెరిక లేదు."

లీలమ్మ చేతిలోని కప్పులు కింద పెట్టింది.

"పురానాపూల్ అవతల మన సమాధుల తోట ఉన్నది గద. గేటుకాడ కావలాయన చేతిల పెట్టి వచ్చిన. లోపలికి పోలె. డ్యూటీ టైమైంది. పేరు గూడ లేని పిల్ల, ప్రార్థన గిట్ల ఏముంటదనుకున్న. ఆయనే యాడనో పెట్టుంటడు."

"ఆయన యాడున్నడు?"

"సచ్చి ఐదేండ్లాయె."

పదకొండేళ్ళూ ఈయన తన దగ్గర ఏదో దాస్తున్నాడనుకుంది. దాచడానికి ఈయన దగ్గర ఏమీ లేదు. తెలియదని చెప్పడానికి నామోషీ పడి, తన నోరు మూయించడానికి దేవుణ్ణి అడ్డం పెట్టుకున్నాడు. అంత కోపం తనలో ఉందని లీలమ్మకు అంతవరకూ తెలియదు. ఏడుపు మాత్రం రాలేదు. గోడకానుకుని అంతా విన్న ఆగమ్మ దుప్పటి తల మీదికి లాక్కుంది.

ఆ తర్వాతి మూడు వారాలూ లీలమ్మ వంట చేసింది, బట్టలుతికింది, అడిగినదానికి పలికింది. ఊరంతా తిరిగే పిల్ల ఇప్పుడు ఒక్కచోట ఆగింది. గేటు దగ్గర, ముక్కూమొహం తెలియని మనిషి చేతుల్లో. కళ్ళు మూస్తే ఆ చేతులే కనబడేవి. గోళ్ళ నిండా మట్టి. పది ఈస్టర్లు ఆ గేటులోంచే నడిచి లోపలికి పోయి, మామ సమాధి ముందు కొవ్వొత్తి పట్టుకుని నిలబడింది తను. నీ బిడ్డ కూడా ఇక్కడే ఉండొచ్చని పక్కన నిలబడ్డ మొగుడు ఒక్కసారీ అనలేదు.

గుడ్‌ఫ్రైడే ముందురోజు చర్చిలో రొట్టె, ద్రాక్షరసం పుచ్చుకునే ప్రభువు బల్ల. దానికి ముందు సమాధానం పంచుకుంటారు. అయ్యగారి చేతుల్లోంచి మొదలై, "మీకు సమాధానం కలుగుగాక" అంటూ చేతిలోంచి చేతిలోకి, బెంచీ నుంచి బెంచీకి అది వస్తుంది. ఆడవాళ్ళ వైపు సుశీలమ్మ లీలమ్మకిచ్చింది. లీలమ్మ పక్కనున్న అత్తకివ్వాలి. అత్త రెండు చేతులూ తన చేతుల్లోకి తీసుకుంది గాని ఆ మాట అనలేకపోయింది. తన దగ్గర లేనిది ఎలా ఇస్తుంది? ఉత్త చేతులే పట్టుకుని ఉండిపోయింది. వదిలేద్దామంటే ఆగమ్మ వదల్లేదు. వెనక బెంచీ ఆమె గొణుగుతున్నా వదల్లేదు.

శనివారం సమాధులకు సున్నం వేసే రోజు. ఈస్టరు తెల్లవారుజామున కొవ్వొత్తులు వెలిగించేనాటికి అన్నీ తెల్లగా ఉండాలని, మగవాళ్ళు ముందురోజే పోయి తమవాళ్ళ సమాధులకు సున్నం వేసి వస్తారు. ఆశీర్వాదం తన తండ్రి సమాధికి వేస్తాడు. సున్నం నానబెట్టేదీ, కలిపి వడగట్టేదీ, కుంచె కడిగి పెట్టేదీ లీలమ్మ. వేసి వచ్చినవాణ్ణి అందరూ మంచి కొడుకంటారు.

"బకెట్ యాడున్నది?" అని ఆశీర్వాదం పాత చొక్కా వేసుకుంటూ అరిచాడు.

బకెట్ లీలమ్మ చేతిలోనే ఉంది. చెప్పులు వేసుకుని గుమ్మంలో నిలబడి ఉంది.

"నేను పోతున్న," అంది.

"బాపు సమాధికి ఆడోళ్ళు సున్నమేస్తరా? జూసినోళ్ళు ఏమంటరు?"

"మామ సమాధికి మీరే వేసుకోన్రి. డబ్బాల ఏరుగ కలిపి పెట్టిన."

"మరి నువ్వు దేనికేస్తవ్? ఆ పిల్ల యాడున్నదో నాకే తెల్వదంటిని గద!"

"పేరు లేని మట్టి యాడ కనవడితె ఆడ వేస్త. ఎన్నుంటె అన్నిటికేస్త."

"పిచ్చి గిట్ల లేసిందా ఏంది? అమ్మా, జర నీ కోడలికి చెప్పు!"

ఆగమ్మ అప్పటికే మంచం దిగింది. కళ్ళు సరిగ్గా ఆనవు. గోడ పట్టుకుంటూ గుమ్మం దాకా వచ్చింది, అడ్డంగా ఉన్న కొడుకుని పక్కకు జరిపింది, కోడలి భుజం తడిమి పట్టుకుంది.

"మెల్లగ నడువు బిడ్డా," అంది. "యాడ పెట్టిండో మీ మామ సచ్చేదాక నాకు చెప్పలె. నావి గూడ రెండున్నయి."