రాయని ఫిర్యాదు

పేరు, గది, వెళ్లిన వేళ, వచ్చిన వేళ. అట్టముక్క ఆనించి ఆమె పుస్తకంలో గళ్లు గీస్తోంది. పంతొమ్మిదేళ్లుగా పొద్దున్నే ఇదే పని. యూనివర్సిటీ అమ్మాయిల హాస్టల్లో అందరూ ఆమెను గేటమ్మ అంటారు. మోకాళ్లు అరిగాయి, ఖాకీ చొక్కా మోచేతుల దగ్గర పలచబడింది. కానీ తలెత్తకుండానే, చెప్పుల చప్పుడును బట్టి వచ్చింది ఎవరో చెప్పగలదు. "నా గేట్లోంచి చీమ కూడా దూరదు" అని చెల్లెలి దగ్గర గొప్పలు పోయేది. ఈ నెల్లాళ్లుగా చెల్లెలింటికి వెళ్లడమే మానేసింది.

నెల కిందట ఒక సాయంత్రం, డ్యూటీ దిగే వేళకు ఇరవై రెండో గది అమ్మాయి వచ్చి బల్ల ముందు నిలబడింది.

"ఆంటీ, లైబ్రరీ వెనక దారిలో ఒకడు రోజూ వెంటపడుతున్నాడు. ఇవాళ చెయ్యి పట్టుకున్నాడు."

"ఆ దారమ్మట నిన్నెవరు రమ్మన్నారే తల్లీ? ముందు నుంచి రావచ్చుగా" అంది గేటమ్మ, సంచీ సర్దుకుంటూనే.

ఆ పుస్తకంలోనే ఫిర్యాదు రాస్తే సూపర్‌వైజరు వస్తాడు, సవాలక్ష అడుగుతాడు, బస్సు తప్పిపోతుంది. రేపు రాద్దాంలే అనుకుంది. రాయలేదు. నాలుగో రోజు వాడు మళ్లీ అడ్డం వస్తే, అమ్మాయి పరుగెత్తి మెట్ల మీంచి పడి చెయ్యి విరగ్గొట్టుకుంది.

వాడు దొరికాడు. విచారణలో అమ్మాయి, ముందే గేటు దగ్గర చెప్పానంది. అధికారి గేటమ్మ వైపు తిరిగాడు.

"నాతో ఏం చెప్పలేదు సార్."

తన నోటికి అబద్ధం అంత సులువుగా వస్తుందని ఆమెకు అంతవరకూ తెలియదు. పుస్తకం తిప్పి చూశారు. "చెప్పుంటే రాసుండేది కదమ్మా" అన్నాడు అధికారి, అమ్మాయితో.

ఇవాళ పదకొండు గంటలకు ఆ అమ్మాయి తండ్రితో కలిసి మెట్లు దిగింది. కట్టు కట్టిన చెయ్యి మెడకు వేలాడుతోంది. చదువు మానేసి వెళ్లిపోతోంది. బయటికి పోయే సామాను చూడటం గేటమ్మ పని. పెట్టె తెరవమనడానికి ఆమెకు నోరు రాలేదు. తండ్రే వంగి తెరిచాడు.

"చూసుకోండమ్మా. మీ పని మీరు చెయ్యాలిగా."

ఆ మర్యాదకు ఆమె తల వాలిపోయింది. మడతపెట్టిన బట్టల వైపు చూస్తూ అంది:

"అన్నయ్యా, మీ పాప నాతో చెప్పింది. నేనే రాయలేదు. పైగా చెప్పలేదని అబద్ధమాడాను."

పెట్టె మూత ఆయన చేతిలో అలాగే ఉండిపోయింది.

"నేను కూడా అడిగానమ్మా దాన్ని" అన్నాడు. "నిజంగానే చెప్పావా అని. ఒకసారి కాదు."

అమ్మాయి ఇద్దరి వైపూ చూడలేదు. కట్టులేని చేత్తో గది తాళంచెవి బల్ల మీద పెట్టి, "నాన్నా, బండి ఆగుంది" అంది.

వాళ్లు వెళ్లాక గేటమ్మ, అమ్మాయి వచ్చి చెప్పిన నాటి పేజీ తీసింది. అందులో ఖాళీ లేదు. ఇవాళ్టి గళ్లకు అడ్డంగా, జరిగింది జరిగినట్టు రాసి సంతకం చేసింది. ఉద్యోగం ఉంటుందో ఊడుతుందో ఆలోచించలేదు. ఆ పుస్తకం అధికారికి ఇచ్చి రావడానికి లేచి, పోతూ పోతూ తాళంచెవిని గోడ మేకుకు తగిలించబోయింది.

దానికి దారంతో, ఆపద వేళ ఊదే చిన్న ప్లాస్టిక్ ఈల కట్టి ఉంది. కొత్తదే. మూతి దగ్గర మాత్రం పంటిగాట్లు.