బల్ల మీద చోటు

బీరువా మీద జాన వేసి చూశాడు. వెడల్పుకు రెండు జానలు సరిపోయాయి. పొడవుకు మూడో జాన పట్టలేదు, చిటికెన వేలు గాలిలో వేలాడింది. పట్టినా లాభం లేదు. అంత ఎత్తున స్కాన్ చేసే మిషను పెడితే, మూత ఎత్తడానికి ప్రతిసారీ ముక్కాలి పీట ఎక్కాలి. వదిన కుట్టుమిషను బల్ల మీద జాన వేశాడు. కిటికీ అరుగు మీద వేశాడు. ఇవన్నీ నిన్న కొలిచాడు, మొన్న కూడా కొలిచాడు. కొలిచినకొద్దీ గోడలేమైనా జరుగుతాయా? అయినా కాఫీ తాగి, గ్లాసు కడిగి బోర్లించి, మళ్లీ కొలవడానికి లేచాడు.

ఇంట్లో ఒక్క చోటే కొలవలేదు. అది అన్నయ్య బల్ల.

మంచం మీంచి అన్నయ్య చూస్తున్నాడు. "ఏం కొలుస్తున్నావురా పొద్దుటినుంచీ?"

"ఏం లేదన్నయ్యా."

ఆఫీసులో ఈ తమ్ముణ్ణి సిరాబుడ్డి అనేవారు. కుడిచేతి బొటనవేలి గోరు చుట్టూ ఎన్ని సబ్బులు అరగదీసినా వదలని నలుపు. కుంచె మొనను పెదాలతో తడిపి తీర్చుకునే అలవాటు వల్ల కింది పెదవి మీద బూడిదరంగు మచ్చ. నోట్లో నాలుక లేని మనిషి కాబట్టి, ఆ పేరు పెట్టినవాళ్ల మీద కోపం తెచ్చుకోవడం కూడా తోచలేదు. ముప్ఫై నాలుగేళ్లు పిల్లల వారపత్రికలో అన్నయ్య వేసిన బొమ్మలకు సిరా దిద్దాడు. పేజీ కింద సంతకం ఒక్కటే ఉండేది, అన్నయ్యది. ఆ సంతకానికి సిరా దిద్దింది మాత్రం ఇతనే. పెళ్లి సంగతి అడిగినవాళ్లు కొన్నాళ్లు అడిగి, వాళ్లే విసుగొచ్చి మానుకున్నారు.

వాళ్ల పని తీరు ఇలా ఉండేది. అన్నయ్య లేత నీలం పెన్సిలుతో బొమ్మ వేస్తాడు, తమ్ముడు దాని మీద నల్లగా దిద్దుతాడు. ప్రెస్సులో పేజీలను ఫోటో తీసే పాత కెమెరాకు లేత నీలం కనబడదు, కాబట్టి చెరిపే బాధ లేదు. ఈ సదుపాయాన్ని అన్నయ్య మరోలా కూడా వాడుకున్నాడు. చెప్పాల్సినవన్నీ పేజీ అంచుల్లో నీలంతో రాసి ఇచ్చేవాడు. 'ఈ నీడ చిక్కగా పడాలి.' 'గుర్రం తోకను దువ్వెనలా దిద్దావంటే చంపుతాను.' 'మీ వదినకు జ్వరం, సాయంత్రం తొందరగా పోదాం.' పక్కపక్క కుర్చీల్లోనే కూర్చునేవాళ్లు. అయినా ఆ అన్నదమ్ములు నోటితో చెప్పుకున్నది తక్కువ, అంచుల్లో చెప్పుకున్నదే ఎక్కువ.

పత్రిక మూతపడి చాలా కాలమైంది. ఇప్పుడెవరో ఒకాయన అందులో వారం వారం వచ్చిన గుర్రపు రౌతు బొమ్మల కథను పుస్తకంగా వేస్తానన్నాడు. మొత్తం రెండువందల పన్నెండు పేజీలు. అచ్చయిన ప్రతులు పసుపెక్కి పనికిరాకుండా పోయాయి, అసలు పేజీలనే స్కాన్ చేసి పంపాలి. వాటిని ఇల్లు దాటించడానికి సిరాబుడ్డికి మనసొప్పలేదు. ముప్ఫై ఏళ్ల కింద తప్పులు దిద్దిన తెల్లరంగు ఇప్పుడు పెచ్చులు లేస్తోంది. ఆయనే సంగతి గ్రహించి ఒక ల్యాప్‌టాప్ పంపి, ఫోన్లో చెప్పాడు. "మిషను మేమే కొనిస్తామండీ. మీ పేజీలకు ఏది పనికొస్తుందో మీరే చూసి ఎంచుకోండి."

ఎంచుకోవడం దగ్గరే వచ్చింది చిక్కు. పేజీ రెండు జానల పొడవు, జానా రెండు వేళ్ల వెడల్పు. దాన్ని మొత్తంగా పట్టే మిషను మూడు జానల పొడవుంటుంది, రోజూ ఎత్తి దించే బరువు కాదు. ఒకచోట పెడితే ఇక అక్కడే. ఆ ఇంట్లో అంత చోటున్నది అన్నయ్య బల్ల మీదే.

బల్ల మీద గీతలకు వాడే టీ స్కేలు, చాకు, వేలెడు నీలం పెన్సిలు, నాలుగు మూలలా పిన్నులు గుచ్చిన పేజీ ఉన్నాయి. పేజీ మీద వెనక కాళ్లు లేని గుర్రం. పుస్తకానికి ముందు పేజీగా కొత్త బొమ్మ వేస్తానని మొదలుపెట్టి, నడుము దాకా వచ్చి, "కళ్లు తిరుగుతున్నాయిరా, రేపు చూద్దాం" అని లేచాడు అన్నయ్య. ఎనిమిది నెలలైంది. ముందు సగానికి ఆ సాయంత్రమే సిరా దిద్దేశాడు తమ్ముడు. వెనక కాళ్లు వెయ్యడం అతనికి రాదా అంటే, కళ్లు మూసుకుని వేస్తాడు. కానీ అన్నయ్య గీయని గీత ఒక్కటి కూడా ఇతను ఏనాడూ దిద్దలేదు. డాక్టరు చెప్పాల్సింది వదినకు గుమ్మంలోనే చెప్పి వెళ్లాడు. ఆ తర్వాత ఇంట్లో ఎవరూ ఆ మాట ఎత్తలేదు. వదిన ఆ బల్ల తుడిచేటప్పుడు పెన్సిలు చుట్టూ తుడుస్తుంది, పెన్సిలు ఎత్తదు. బల్ల ఖాళీ చెయ్యడమంటే అన్నయ్య ఇక బొమ్మ వెయ్యడని పైకి అనడమే. అది తన నోటితో అనలేడు, చేత్తో అంతకన్నా చెయ్యలేడు.

పదింటికి ఒక పేజీని రెండు అట్టల మధ్య పెట్టి, నాడాతో కట్టి, బస్సెక్కాడు. అట్టలు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. పక్కనున్నాయన కాలు తగిలినప్పుడల్లా అట్టలు ఇటు జరుపుకున్నాడు.

కొట్లో కళ్లద్దాలావిడ మూడు మిషన్లు చూపించింది. మొదటిది పలకంత పలుచనిది. దాని అద్దం చుట్టూ గట్టు లేచి ఉంది. పేజీ ఆ గట్టు మీద కూర్చుని మధ్యలో వంగింది, అద్దానికి ఆనని మేరంతా తెర మీద అలుక్కుపోయినట్టు వచ్చింది. రెండోది కూడా చిన్నదే కానీ, ఒకవైపు గట్టు లేదు. పేజీని బయటికి వేలాడనిచ్చి సగం, తిప్పి పెట్టి సగం తీసుకుని, తర్వాత అతికించుకోవాలి. మూడోది పెద్దది. పేజీ దాని మీద పరుపు మీద పడుకున్నట్టు పడుకుంది.

"పెన్సిలు గీతలున్నాయి సార్, చెరిపారా?" అంది ఆవిడ.

"నీలం కనబడదులెండి" అన్నాడు.

కనబడింది. తెర నిండా కనబడింది. పాత కెమెరా కళ్లు వేరు, దీని కళ్లు వేరు. ఆవిడ తల వంచి అంచులో ఉన్నది పైకే చదివింది. "'ఒరేయ్, రాత్రి అన్నం మీద అలిగితే గుర్రం ఏం చేసింది? దాని కళ్లలో కోపం ఎందుకు పెట్టావు?'" చదివి, నవ్వు ఆపుకోలేక నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

ఇన్నేళ్లలో ఆ రాతలు మూడో మనిషి చదవడం ఇదే మొదలు. సిగ్గుపడాలో నవ్వాలో తెలియలేదు. నిజం చెప్పాలంటే ఏమీ అనిపించలేదు. తెరమీద గుర్రాన్ని చూస్తూ నిలబడ్డాడు.

"ఇదే తీసుకోండి సార్. మీ పేజీలకు ఇంకోటి దండగ. పెట్టుకోవడానికి ఇంట్లో చోటుందా?"

నాడా విప్పి మళ్లీ కట్టాడు. చివరికి రెండోదాన్ని చూపించి "అది ఇవ్వండి" అన్నాడు.

"రెండు ముక్కలు అతకాలి సార్. వెంట్రుకవాసి తేడా వచ్చినా గీత తప్పుతుంది."

"చెయ్యి అలవాటేనండి."

ఆవిడ భుజాలెగరేసి బిల్లు రాసింది. "నెలలోపు మార్చుకోవచ్చు, పెట్టె మాత్రం పారేయకండి" అంది.

ఇంటికొచ్చి, కిటికీ కింద నేల మీద చాప పరిచి మిషను పెట్టాడు. మోకాళ్ల మీద కూర్చుని మొదటి పేజీ పైసగం తీశాడు, కింది సగం తీశాడు, ల్యాప్‌టాప్‌లో రెండూ జరిపి జరిపి అతికాడు. గంట పట్టింది. అన్నయ్య చెయ్యి చాపాడు. తమ్ముడు ల్యాప్‌టాప్ తీసుకెళ్లి అతని పొట్ట మీద పెట్టాడు.

అన్నయ్య చాలాసేపు చూశాడు. ఆ చూపు మాత్రం ఎనిమిది నెలలుగా ఏమీ పాడవలేదు. "గుర్రం నడుం విరగ్గొట్టావు కదరా."

"వెంట్రుకవాసి."

"వెంట్రుకవాసైనా విరిగిన నడుం విరిగినట్టే. కొట్లో పెద్దది లేదా?"

"ఉంది."

"మరి?"

"చోటు లేదన్నయ్యా."

అన్నయ్య తల తిప్పి బల్లకేసి చూశాడు. వంటింటి గుమ్మంలో వదిన గిన్నె తుడవడం ఆపింది.

"ఉందిగా" అన్నాడు అన్నయ్య. "ఎనిమిది నెలలనుంచీ అది ఖాళీగానే ఉంది. మార్చుకు రా పో."

"రేపు చూద్దాంలే."

"రేపు చూద్దామని నేనే అన్నాను, చూశావుగా." నవ్వబోయి దగ్గాడు. వదిన వచ్చి వీపు నిమిరి, దిండు సర్దింది.

తమ్ముడు వెళ్లలేదు. చాప మీద కూర్చుని రెండో పేజీ పెట్టాడు. ఇప్పుడప్పుడే అతకడం ఎందుకు, ముందు సగాలు తీసి పెట్టుకుందామనుకున్నాడు. అద్దం కింద దీపం అటునుంచి ఇటు నెమ్మదిగా జరుగుతోంది, జరిగినంతసేపూ సన్నగా రొద. మధ్యాహ్నం ఎండ చాప అంచు దాకా వచ్చింది. వదిన భోజనానికి పిలిస్తే వెళ్లి తిని, చెయ్యి కడుక్కుని, తడి పూర్తిగా ఆరాక మళ్లీ కూర్చున్నాడు.

"ఎన్నయ్యాయిరా?" కళ్లు మూసుకునే అడిగాడు అన్నయ్య.

"ఆరన్నయ్యా."

కాసేపటికి మళ్లీ అడిగాడు. "ఎన్ని?"

"తొమ్మిది."

"రౌతు నది దాటాడా?"

"ఇంకా లేదు. ఒడ్డుకొచ్చాడు."

"ఊఁ."

పదకొండో పేజీ పైసగం అయ్యాక అడక్కుండానే చెప్పాడు. "పదకొండన్నయ్యా."

జవాబు రాలేదు. నిద్ర అనుకున్నాడు. ఆ తర్వాత, నిద్రలో ఉండాల్సిన గురక లేదని గమనించాడు. పేజీ తిప్పి అద్దం మీద పెట్టేసి ఉంది. రెండో సగం ఒక్కటే మిగిలిందని అది కూడా తీశాడు. దీపం ఇటునుంచి అటు వెళ్లి, తిరిగొచ్చి, ఆగింది. పేజీని అట్టల మధ్య పెట్టి నాడా కట్టాడు. అప్పుడు లేచి మంచం దగ్గరికి వెళ్లాడు. అన్నయ్య చెయ్యి పట్టుకుని చూసి, దుప్పటి మీద పెట్టి, "వదినా" అని పిలిచాడు. ఆమె గిన్నె పట్టుకునే వచ్చింది.

కర్మలవీ ముగిశాక, మూడో వారంలో చిన్న మిషనును పెట్టెలో సర్ది కొట్టుకు తీసుకెళ్లాడు. కళ్లద్దాలావిడ గుర్తుపట్టింది. "చోటు దొరికిందా సార్?" అంది. తలూపాడు.

పెద్దది ఆటోలో వచ్చింది. వదిన బల్ల మీది టీ స్కేలు గోడకు తగిలించింది, చాకు సొరుగులో పెట్టింది. పిన్నులు మాత్రం అతన్నే తియ్యమంది. పెన్సిలు చేతిలో పట్టుకుని అటూ ఇటూ చూసింది. "ఇదెక్కడ పెట్టమంటావయ్యా?"

"అక్కడే ఉండనీ వదినా."

అక్కడ ఇప్పుడు మిషనే ఉంది. ఆమె మిషను మూత మీద పెట్టింది.

చేసిన పదకొండు పేజీలూ మళ్లీ మొదటినుంచి చేశాడు. వారం తిరిగేసరికి పుస్తకం వేసే ఆయన ఫోన్ చేశాడు. "నలుపు ఒక్కటి చాలండీ. అంచుల్లో నీలంరాతలన్నీ వచ్చేస్తున్నాయి. అవి రాకుండా మిషన్లో ఏదో మీట ఉంటుంది చూడండి."

మీట ఎక్కడుందో సిరాబుడ్డికి తెలుసు. "అవి వస్తాయండి" అన్నాడు. జీవితంలో ఒకరి మాట కాదనడం అతనికదే మొదటిసారి. ఫోన్ పెట్టేసి మళ్లీ పనిలో కూర్చున్నాడు.

ప్రతి పేజీకీ పెన్సిలు ఎత్తి పక్కన పెడతాడు, మూత తీస్తాడు, పేజీ పరుస్తాడు, మూత వేస్తాడు, పెన్సిలు మళ్లీ మూత మీద పెడతాడు. రెండువందల పన్నెండు సార్లు అలాగే చేశాడు. ఆఖర్న వెనక కాళ్లు లేని గుర్రాన్ని, ఉన్నదాన్ని ఉన్నట్టే, ఒక్క గీత కలపకుండా తీసి పంపాడు. తర్వాత మిషను మీట ఆపి, చేతులు కడుక్కోవడానికి పెరట్లోకి వెళ్లాడు.

మూత మీద నీలం పెన్సిలు ఉంది, వేలెడంత, ఒక కొసన చాకుతో చెక్కిన మొన, రెండో కొసన పంటిగాట్లు.