కిరణ్ చుట్టిన మోటారు

మూత ఎత్తి చూస్తే రిమోట్ బగ్గీ కడుపులో మోటారు లేదు.

పుష్పావతి బగ్గీని వెల్లకిలా తిప్పింది. నాలుగు చక్రాలూ ఉన్నాయి, తను వేసిన కొత్త బేరింగులు ఉన్నాయి, కొత్త రిసీవర్ చెక్కుచెదరలేదు. వెనక మోటారు ఉండాల్సిన చోట మాత్రం ఖాళీ. రెండు తీగ ముక్కలు వేలాడుతున్నాయి. టంకం కరిగించి ఊడదీయలేదు ఎవరో. కసుక్కున కోసేశారు.

ముదిగుబ్బ దాటగానే కదిరి రోడ్డు పక్కన ఆమెది మోటార్లు చుట్టే అంగడి. బోరు మోటార్లు, మిక్సీలు, ఫ్యాన్లు, కాలిపోయినవన్నీ ఆమె బల్ల మీదికే వస్తాయి. అంగడి వెనకే ఇల్లు, ఇంటి వెనక గొర్రెల దొడ్డి. ఇన్నేళ్ళలో అంగట్లో గుండుసూది కూడా పోలేదు. పోయి పోయి ఆ మోటారే పోవాలా?

ఆ బగ్గీ ఆమె తమ్ముడు కిరణ్‌ది. బెంగళూరులో రిమోట్ బండ్లు బాగుచేసే అంగట్లో పనిచేసేవాడు. ఎవరో పెద్దింటివాళ్ళు వద్దని పడేసిన జపాను బగ్గీని బ్యాగులో పెట్టుకుని తెచ్చాడు. వాడి వయసు కంటే దాని వయసే ఎక్కువ. మొదటి రోజే ఊరి పక్క వంక ఇసకలో మోటారు కాల్చేశాడు. అక్క బల్ల ముందు కూర్చుని, అక్కను ముట్టనీయకుండా, తనే తీగ చుట్టాడు. చుట్టు ఒక పక్క లావు, ఒక పక్క సన్నం. తిరిగితే కుయ్యిమని పైకి లేచి, నడుమ ఎక్కిళ్ళు వచ్చినట్టు ఒకసారి తెగి, మళ్ళీ అందుకునేది.

"ఇది మోటారా, జలుబు చేసిన పిల్లా?" అని ఎగతాళి చేసింది అప్పుడు.

"దాని గొంతు అంతేలే అక్కా. ఎవురిదని అడిగే పని లేదు" అన్నాడు.

నిజంగానే అడిగే పని ఉండేది కాదు. సెలవు దొరికినప్పుడల్లా బెంగళూరు బస్సు దిగి, బగ్గీని కింద పెట్టి, ముందు దాన్ని ఇంటికి తోలేవాడు. ఆ కూత వినగానే దొడ్లో ఉన్న నాయన నరసింహప్ప "వచ్చినాడే మనోడు!" అని కేకేసేవాడు. బగ్గీ వెనక మనిషి వచ్చేవాడు.

రెండేళ్ళ కింద ఆ బెంగళూరులోనే లారీ కింద పడి చనిపోయాడు. అక్కడి నుంచి వచ్చిన సామాన్లలో బగ్గీ కూడా ఉంది. అటక మీద పడి ఎలుకల పాలైంది. ఈ ఏడాదే పుష్పావతి దాన్ని దించింది. విరిగిన ప్లాస్టిక్ చేతులు అతికించింది, స్ప్రింగుల్లో నూనె మార్చింది, పాత రేడియో తీసేసి కొత్తది వేసింది, రంగు పూసింది. మోటారును మాత్రం తుడిచి పెట్టింది, అంతే. ఆదివారానికి వాడు పోయి రెండేళ్ళు నిండుతాయి. ఆ పూట వంకలో ఒక్కసారి తోలాలి. ఒక్కసారి ఆ గొంతు వినాలి. ఆమె కోరికంతా అదే.

ఇప్పుడు ఆ గొంతే లేదు.

అనుమానం ఓబిలేష్ మీదికి పోయింది. కిరణ్ స్నేహితుడు, పక్కనే సెల్‌ఫోన్లు రిపేరు చేస్తాడు. నిన్న బల్ల మీద బగ్గీ మోటారును ఒక్క క్షణం తిప్పి చూసినప్పుడు పక్కనే ఉన్నది వాడే.

"ఒరే ఓబిలేషూ, యాడ పెట్టినావురా మోటారు?"

"ఏ మోటారక్కా? పంచాయతీ బోరుదా?"

"పండ్లు రాలగొడతా. నిన్న నువ్వే గదా, ఇది పనికిరాదు, తీసి పారేసి బ్రష్షుల్లేని కొత్త మోటారు ఎయ్యమని నా పానం తీసింది!"

ఓబిలేష్ ముఖంలో నవ్వు పోయింది. "పోయిందా? నిజంగానా? నా కండ్లు పోనీ అక్కా, నేను ముట్టలేదు. రాగి అరిగిపోయినాది, ఇంగ నాలుగు తడవలు తిరిగితే ఎక్కువ అని చెప్పినా, అంతే. అబద్ధమా?"

అబద్ధం కాదు. బ్రష్షులు రాసుకునే రాగి కాగితమంత పలచనైంది. రాగి మార్చాలంటే చుట్టు విప్పాలి. విప్పితే కిరణ్ చేతి పని పోతుంది.

"అయినా నేను తీసేదయితే టంకం కరగబెట్టి తీస్తా గానీ తీగ కోస్తానా?" ఓబిలేష్ ఉక్రోషంగా అన్నాడు. "నేనేమన్నా గొర్లకు బొచ్చు కత్తిరించేవాణ్ణా?"

ఆ మాట పుష్పావతి చెవిన పడింది గానీ మనసున పడలేదు. ఇంటికొచ్చి అటక దులిపింది. బొగ్గుల గోనె కుమ్మరించింది. పొయ్యి బూడిద కూడా గెలికింది. ఆమె చేయి పెట్టనివి విత్తనం మూటలు మాత్రమే. వాన పడి నేల విత్తడానికి పదును అయ్యేదాకా ఆ ఇంట్లో విత్తనం మూట ముడి ఎవరూ విప్పరు. కరువు ఏడు కూడా, ఆకలితో పడుకున్న రోజుల్లో కూడా, అందులోని శెనక్కాయ ఒక్కటి నోట్లో వేసుకోలేదు. అవి ఇంట్లో ఉన్నా లేనట్టే.

నరసింహప్ప గడప మీద కూర్చుని చూస్తున్నాడు.

"పోతే పోయిందిలే మా" అన్నాడు. "యాడనో ఒగచోట ఉంటాది."

"నీకేం నాయనా, అట్లే అంటావు" అని కసురుకుంది.

శనివారం సాయంత్రం ఉత్తరాన మబ్బు పట్టింది. ఊరంతా తలలెత్తి చూస్తుండగానే వాన దిగింది. ఎర్రమట్టి మీద బుడగలు లేచేట్టు, వంక తడిసేట్టు కురిసింది. తెల్లారేసరికి పదును. రోడ్డంతా ట్రాక్టర్లు, గొర్రు సరిచేసే సుత్తి చప్పుళ్ళు, కాయలు ఒలవడానికి కూలోళ్ళను పిలిచే కేకలు.

నరసింహప్ప మాత్రం గడప దిగలేదు.

"నాయనా, పదును ఆరిపోతాది. మూట విప్పు, కాయలు ఒలవల్ల" అంది పుష్పావతి.

"రేపు సూద్దాంలే."

పుష్పావతి తిరిగి చూసింది. పదును అయిందంటే జ్వరంలో కూడా దుప్పటి విసిరికొట్టి లేచే మనిషి. రేపు అంటాడా? ఆయన కళ్ళు మూటల మీదున్నాయి. పక్కన గోడకు గొర్రెల కత్తెర వేలాడుతోంది.

ఓబిలేష్ మాట అప్పుడు మనసున పడింది.

దాంతోపాటు ఇంకొకటి గుర్తొచ్చింది. మొన్న బల్ల మీద మోటారు తిప్పినప్పుడు నాయన దొడ్లో నుంచి ఒంటి చెప్పుతో పరిగెత్తుకొచ్చాడు. అంగట్లోకి రాలేదు. అంగడి దాటి నేరుగా రోడ్డు దాకా పోయాడు. బస్సు ఆగే చోటు చూసి, అక్కడే నిలబడిపోయి, తర్వాత ఏమీ ఎరగనట్టు వెనక్కొచ్చాడు. ఓబిలేష్ అరిగిపోయిన రాగి సంగతి చెప్తుంటే గుంజకు ఆనుకుని విన్నాడు.

పుష్పావతి మూటల దగ్గరికి పోయింది. ఆయన అడ్డం రాలేదు. రెండో మూట ముడి కొత్తది. విప్పి, కాయల్లోకి మోచేతి దాకా చేయి దూర్చింది. గుడ్డ తగిలింది. కిరణ్ పాత చొక్కా గుడ్డ. లోపల మోటారు, చల్లగా, బరువుగా.

అరవాలనుకున్నదల్లా దాన్ని ఒళ్ళో పెట్టుకుని కాయల మూట పక్కనే కూలబడింది.

"ఏమిటికి నాయనా?"

నరసింహప్ప రోడ్డు వైపే చూస్తూ నెమ్మదిగా చెప్పాడు.

"నేనే తీసినా మా. ఆ పొద్దు నువ్వు తిప్పినప్పుడు దొడ్లో గొర్రె పిల్లకు పాలు తాపుతాండా. వాడొచ్చినాడనే అనుకున్నా. రోడ్డు కాడికి పోయేదాకా అదే అనుకున్నా. అంతసేపు నా కొడుకు బతికే ఉండె. మల్ల ఆ ఓబిలేషు నాలుగు తడవలే అనె. నాలుగు తడవలు వాడొస్తాడు గదా అని లెక్కేసుకుంటి. నువ్వు చూస్తే ఒక్క పూటలో వంకలో అవజేసేస్తానంటివి. పానం ఒప్పలేదు. దాచిపెట్టాలంటే మనకు ఇంకేం తెలుసు మా, విత్తనం మూట తప్ప. వాన పడేదాకా ఎవురూ ముట్టరని దాంట్లో పెడితి. నిన్న మబ్బు పట్టినప్పుడు అందరూ దండం పెడతాంటే, నేను మాత్రం కురవొద్దు సామీ అని మొక్కినా. పుట్టినప్పటి నుంచి సేద్యం చేసినోణ్ణి. వాన వద్దని మొక్కుకుంటి."