ముప్పై ఏళ్లకి నా ప్రాక్టికల్

ఒకప్పుడు మా కాలేజీ కెమిస్ట్రీ ల్యాబులో ఇసకేస్తే రాలనంత మంది ఉండేవాళ్లు. నలభై స్టూళ్లు, నలభై బ్యూరెట్లు, రోజూ ఎవరో ఒకరు ఏదో ఒకటి పగలగొట్టడం, నేను అరవడం. ఇప్పుడు స్టూళ్లు పన్నెండే. కొత్త విద్యావిధానం వచ్చాక పిల్లలు సగం ప్రయోగాలు ఇంట్లో కంప్యూటరు మీదే కానిచ్చేస్తున్నారు. వేలు కాలకుండా కెమిస్ట్రీ ఎలా వస్తుందో నాకైతే తెలీదు. ఆ పాత గోల కోసం ప్రాణం కొట్టుకుంటుంది.

అలాగని ఆ విధానాన్ని పూర్తిగా తిట్టలేను. ముప్పై ఏళ్లుగా ల్యాబ్ అటెండర్ని. పనిలో నేర్చుకున్నదీ చదువే, దాన్నీ లెక్కేసి డిగ్రీ ఇస్తామంది అదే. థియరీ ఆన్‌లైన్‌లో పాసయ్యాను. మిగిలింది ఒక్క ప్రాక్టికల్. ఉద్యోగంలో ఉన్నవాళ్లకే ఈ అవకాశం, నేనేమో నెలాఖరుకి రిటైరవుతున్నాను. ఇది తప్పితే మళ్లీ లేదు.

"ఈ వయసులో డిగ్రీ తెచ్చి ఏ రాజ్యాలేలాలండీ?" అంది మా ఆవిడ. అంటూనే చొక్కా ఇస్త్రీ చేసిపెట్టింది.

ఎగ్జామినర్‌గా వచ్చిన మేడం, ఒకప్పుడు పిపెట్‌తో క్షారం నోట్లోకి పీల్చి నాతో తిట్లు తిన్న పిల్లే. "కానివ్వండి బాబాయ్," అంది మార్కుల షీటు తీస్తూ.

బ్యూరెట్ నింపి చుక్క చుక్కగా వదిలాను. ఫ్లాస్కులోది లేత గులాబీకి తిరిగింది. ఎందరి చేతుల్లోనో చూసిన రంగు, ఇన్నాళ్లకి నా చేతిలో. ఆ సంబరంలో ఒళ్లు మరిచాను. మేడం తలెత్తేలోపు, ముప్పై ఏళ్ల అలవాటు కొద్దీ బ్యూరెట్ ఖాళీ చేసి, ఫ్లాస్కు కడిగి బోర్లించేశాను.

"రంగేదీ? రీడింగేదీ?" అంది మేడం.

"కడిగేశానమ్మా," అన్నాను.

ఆమెకి నవ్వొచ్చింది గానీ ఆపుకుంది. "నేను చూడనిదానికి మార్కులు వెయ్యలేను. మొదటిది సున్నా. ఇంకా రెండుసార్లు చెయ్యొచ్చు, ఆ రెండు రీడింగులూ ఒకదానికొకటి సరిపోవాలి."

బ్యూరెట్ మళ్లీ నింపి చేశాను. రెండోది వచ్చింది. మూడోదీ సరిగ్గా అంతే వచ్చింది. ఆమె షీటు మీద పాస్ అని రాసి సంతకం పెట్టింది.

నా చెయ్యి మళ్లీ ఫ్లాస్కు మీదికి పోయింది. మేడం గబుక్కున పట్టుకుంది.

"పరీక్షకొచ్చినవాళ్లు సామాను కడుగుతారా బాబాయ్? మేం ఏనాడైనా కడిగామా?" అని ఫ్లాస్కు తీసుకుని తనే సింకు దగ్గరికి వెళ్లింది.

బ్రష్ పట్టుకోవడం కూడా రాదు పిల్లకి. "అడుగుదాకా పోనియ్యమ్మా," అందామనుకున్నాను. కానీ స్టూలు లాక్కుని, పరీక్షకొచ్చినవాడిలా కూర్చుని చూశాను.